అరంగుళం ఎక్కువ

మా ఆయన చేత ఇంటి పని చేయించుకోవడం కన్నా ఆ పని లేకుండా బతకడం సుఖం. ముప్పై ఏళ్ళుగా బట్టలు కత్తిరిస్తున్న టైలరు కదా, లోకంలో కత్తిరించదగ్గవన్నీ తన కోసమే పుట్టాయనుకుంటారు. అందుకే వంటింట్లో వినైల్ టైల్స్ వేయడానికి మనిషిని పిలవనివ్వలేదు. "చాకూ, స్కేలూ ఉంటే చాలే. ఇదేమన్నా సూటూ కోటూనా, చేతులు కుదరకపోవడానికి?" అన్నారు.

ఇప్పుడీ టైల్స్ ఎందుకంటే, నెల కిందట మా అత్తగారు ఆ వంటింట్లోనే జారిపడ్డారు. తుంటి ఎముక విరిగి ఆపరేషనైంది. వాకర్ పట్టుకుని నడవమని డాక్టరు చెప్పి రెండు వారాలైనా, లేపితే నిలబడతారు గానీ అడుగు వేయరు. ఇంకొన్నాళ్ళు ఇలాగే కూర్చుంటే ఇక నడక మీద ఆశ వదులుకోమని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. గచ్చు అరిగి నున్నబడిపోయి కొంప ముంచిందని మా ఆయన తీర్మానించారు.

గచ్చుది తప్పు కాదని నాకొక్కదానికే తెలుసు. ఆ పొద్దున తడిగుడ్డతో నేల తుడుస్తుంటే ఫోను మోగింది. వెళ్ళిపోయాను. ఆవిడకు ఒక్క కేక వేయలేదు. పడ్డప్పుడు ఆవిడ చేతిలోని చెంబు కూడా ఒలికింది కాబట్టి, ఏ తడి ఎవరిదో ఎవరికీ తెలియలేదు. "ముందే తడిగా ఉందా?" అని మా ఆయన అడిగితే, "లేదండీ, పొడిగానే ఉంది" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట!

ఆదివారం పొద్దున్నే పని మొదలైంది. చాకుతో గీత పెట్టి వంచితే టైల్ టక్కున విరుగుతోంది. వెనక కాగితం ఒలిచి అతికించడమే. గుమ్మం చెక్క దగ్గర కాగితంతో నమూనా తీసి, జాకెట్టుకు మెడ తీసినంత ముద్దుగా కోశారు. నా దిష్టే తగిలిందేమో, గోడ పక్క చివరి వరుస మాత్రం ఎంతకీ కూర్చోలేదు. ఈ మూల నొక్కితే ఆ మూల లేస్తోంది.

"ఖాళీ ఎంతుందండీ?"

"తొమ్మిదంగుళాలు."

"మీరు కోసిందెంత?"

"తొమ్మిదిన్నర."

"ఆ అర ఎందుకు?"

ఆయన స్కేలు మళ్ళీ పెట్టి చూశారు. "కుట్టుకి" అన్నారు చివరికి.

"బట్టయితే లోపలికి మడుస్తారు. దీన్ని గోడలోకి మడుస్తారా?"

ముందుగది మంచం మీంచి అత్తగారు పకపకా నవ్వారు. "ఒరేయ్, నీ షాపుకి బోర్డు మార్చరా! గోడలకు కూడా లూజు పెట్టబడును అని!"

నెల రోజుల తర్వాత విన్న నవ్వు. సంతోషించాల్సింది పోయి, నేను తల దించుకుని ఒలిచిన కాగితాలు ఏరసాగాను.

ఆయన ఒక్కో టైల్‌నూ అరంగుళం కోసి, మోకాళ్ళ మీద పాకుతూ అతుకులన్నీ అరచేత్తో తడిమి చూశారు. "అమ్మా, రా. ఎక్కడా కాలికి తగలదు."

ఇద్దరం కలిసి గుమ్మం దాకా నడిపించాం అనలేను, మోశాం. వాకర్ ముందు కాళ్ళు కొత్త టైల్స్ మీద పడ్డాయి. ఆవిడ కాళ్ళు మాత్రం ఇవతలే ఉండిపోయాయి.

"నేల బాగుందిరా నాయనా. కాళ్ళే బాగాలేవు" అన్నారు నెమ్మదిగా. "తడి మీద ఎవరైనా పడతారు. నేను పొడి నేల మీద పడ్డదాన్ని. నువ్వు బంగారం పరిచినా ఈ కాళ్ళను ఎట్లా నమ్మమంటావు?"

మా ఆయన నావైపు చూశారు, ఏదైనా చెప్పి ఒప్పించవే అన్నట్టు. ఆయన చేతిలో ఇంకా కోసేసిన ముక్కలున్నాయి.

"అత్తయ్యా" అన్నాను. "ఆ రోజు నేల పొడిగా లేదు. అప్పుడే తుడిచి, మీకు చెప్పకుండా ఫోను కోసం పోయాను. తర్వాత అడిగితే అబద్ధమాడాను. మీ కాళ్ళు బాగానే ఉన్నాయి. తప్పు నాది."