నీలం దారం ముడి

పొల్యూషన్ పరీక్షలో ఆ పాత పికప్ రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే నంబరు రద్దు, బండి తుక్కుకు. అది పోతే మెకానిక్ తమ్ముడి భార్య తన మొక్కల కుండీలు ఎందులో మోసుకెళ్లి అమ్ముకుంటుంది? నెత్తిన పెట్టుకునా? మొగుడు పోయి ఆరు నెలలు. ఆమెకు మిగిలిన ఆధారం ఆ బండొక్కటే.

అందుకే ఆ వారమంతా మెకానిక్కుకు తల ప్రాణం తోకకొచ్చింది. పొగ గొట్టంలోంచి కాలని పెట్రోలు వాసన గుప్పుమంటోంది. ప్లగ్గులు మార్చాడు, గాలి ఫిల్టరు మార్చాడు, పొగను శుద్ధి చేసే కన్వర్టరు కూడా మార్చాడు. మిషన్ మీద అంకె దిగితే ఒట్టు! వైర్ల జోలికి మాత్రం పోలేదు. ఇంజిన్ పని అన్నగా తనది, వైర్ల పని తమ్ముడిది. ఇరవై ఏళ్లు ఆ షెడ్డు అలాగే నడిచింది. మూడేళ్ల కిందట ఓ గేరుబాక్సు దగ్గర మాటా మాటా పెరిగి, "నువ్వు లేకపోతే షెడ్డు మూతపడుతుందా?" అని అన్న నోరు జారాడు. చేతులు తుడుచుకుని వెళ్లిన తమ్ముడు మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ఇక గతిలేక ఆ ఉదయం వైర్ల కట్ట విప్పాడు. ఇంజిన్ ఎంత వేడెక్కిందో కంప్యూటరుకు చెప్పే సెన్సరు వైరు మధ్యలో, కరెంటును తగ్గించే చిన్న రెసిస్టరు అతికించి ఉంది. దాని మీద నీలం దారం మూడు చుట్లు, ఒక ముడి. తను అతికించిన ప్రతి వైరుకూ తమ్ముడు అలాగే కట్టేవాడు. మెకానిక్ ఉన్నచోటే కూలబడ్డాడు.

"ఏమైంది బావగారూ?" బయట బల్ల మీద కూర్చున్న మరదలు పరుగున వచ్చింది.

"వీడు ఇంజిన్‌ను మోసం చేశాడమ్మా. ఎంత కాగినా ఇంకా చల్లగానే ఉన్నాననుకునేలా పెట్టాడు. అందుకే పెట్రోలు ఎక్కువ తాగి పొగ కక్కుతోంది. ఎందుకిలా చేశాడు?"

"పొద్దున్నే ఓ పట్టాన స్టార్టయ్యేది కాదు. ఆయన వైద్యానికి ఆస్పత్రికి టైముకు వెళ్లాలి కదా. అన్నయ్యకు చూపిస్తానని ఓ రోజు ఇక్కడికే వచ్చారు. మీ గేటు ముందే ఆగిపోయిందట. చాలాసేపు తాళం తిప్పాక ఎలాగో కదిలిందట. 'అన్నయ్య లోపల లేడు, ఉంటే వచ్చేవాడే' అన్నారు. ఆ సాయంత్రం తనే ఏదో చేసుకున్నారు."

ఆ రోజు మెకానిక్ లోపలే ఉన్నాడు. ఆ చప్పుడు విన్నాడు. ఎవరి బండో మొదటి తిప్పుకే పోల్చుకున్నాడు. కావాలంటే వాడే దిగి వస్తాడులే అని గ్రైండరు ఆన్ చేసి పనిలో పడ్డాడు, పాపిష్టి మనిషి.

చల్లటి ఇంజిన్‌ను కాగిందని చెబుతూ పొద్దున్నే స్టార్టవనివ్వనిది పాడైన ఆ సెన్సరే. కొత్తది బిగించి, రెసిస్టరు తీసేసి, దాని దారం జేబులో వేసుకుని వైరు కలిపాడు. మధ్యాహ్నానికి బండి పరీక్ష గట్టెక్కింది. పాసైన కాగితం పట్టుకుని మరదలు ఏడుస్తూనే నవ్వింది.

"ఇంత చిన్న పనా బావగారూ! ఆ రోజు మీరుండి ఉంటే ఎంతసేపు పట్టేది?"

జేబులో దారం ముక్క అతని వేళ్లకు తగులుతోంది.

"పది నిమిషాలు," అన్నాడు. ఆ దారాన్ని వేలికి చుట్టుకుంటూ, "నేను లోపలే ఉన్నానమ్మా," అన్నాడు.

మరదలి ముఖంలో నవ్వు ఆరిపోయింది. కాగితం మడిచి కొంగున ముడేసుకుంది, బండెక్కి తాళం తిప్పింది.

ఒక్క తిప్పుకే స్టార్టయింది.