ఒక్క పలక మీద దాన్సోన్

మా వేరాక్రూస్ రేవు ఊరి చౌకులో సాయంత్రం బ్యాండు మొదలైతే నా కెమెరాకు తీరిక ఉండదు. ఆ రోజు నాకు కుదురు కూడా లేదు. తెల్లవారితే నికాసియో బాబాయ్ కుడికాలు మోకాలి కింద తీసేస్తారు. చక్కెర జబ్బు. అడుగు వెయ్యొద్దని డాక్టరు చెబితే ఈయన వింటేనా. ఆ కాలుతో మా జంటనాట్యం దాన్సోన్ ఆడుతుండగా ఒక్క ఫొటో కావాలని ఆయనా, ఆయన భార్య ఓబ్దులియా పిన్నీ నన్ను పట్టుకున్నారు. సముద్రం మీంచి గాలి లేస్తోంది. వాన పడితే బ్యాండు వాళ్లు సర్దేసుకుంటారు.

మొదటి పాటంతా తీసి చూపించాను. పిన్ని పెదవి విరిచింది.

"ఏమే రెఫూ, ఇదేం ఆటే? బస్సు కోసం నిలబడ్డట్టున్నాం."

నాకు ఒళ్లు మండింది. తప్పు నాదా? దాన్సోన్ బాగా వచ్చినవాళ్లు ఆడుతూ నేల మీది ఒక్క రాతిపలక దాటరు. నడుము పైన ఏదీ కదలదు, పాదాలే ఆడతాయి. ఎంత గొప్పగా ఆడితే ఫొటోలో అంత బొమ్మల్లా కనిపిస్తారు.

"కాస్త ఊగండి బాబాయ్."

"ఊగడమా? ఊగకుండా ఉండటానికే నా వయసంతా పోయింది. ఇవాళ నీకోసం వదిలెయ్యాలా?"

"కాలు పోతున్నా పొగరు పోలేదు చూడు" అంది పిన్ని.

రెండో పాట మధ్యలో ఎప్పుడూ ఉండే విరామం వచ్చింది. జంటలన్నీ ఆగాయి, ఆడవాళ్లు విసనకర్రలు విప్పారు. బాబాయ్ బరువంతా ఎడమకాలి మీద వేసి పళ్లు బిగించాడు. పిన్ని తనకు విసురుకోవడం మానేసి ఆయనకు విసురుతోంది. ఇంకో పాట ఈయన వల్ల కాదని తెలిసి నాకు ఏడుపొచ్చింది.

నేల మీద బోర్లా పడుకున్నాను. షట్టరు బాగా నెమ్మది చేశాను. అది తెరిచి ఉన్నంతసేపు కదిలిందల్లా చెదిరిపోతుంది, కదలనిది నిలుస్తుంది. మోచేతులు ఆనించి ఊపిరి బిగబట్టాను. క్లారినెట్టు ఎత్తుకుని జంటలు మళ్లీ కదలగానే నొక్కాను, మళ్లీ నొక్కాను. ఇంతలో చినుకులు పడ్డాయి, బ్యాండు ఆగిపోయింది.

చౌకు పక్క వరండాలో బాబాయ్ కుర్చీలో కూలబడ్డాడు. నా చిన్న ప్రింటరులో రెండు ఫొటోలు తీసిచ్చాను. మొదటి పాటప్పటి దానిలో కుడికాలు, తెల్లబూటు, లేసు ముడితో సహా ఉంది. రెండోదానిలో చుట్టూ జంటలన్నీ అలుక్కుపోయాయి. వీళ్లిద్దరి ముఖాలు, ఆయన చొక్కా మడతలు, ఎడమబూటు స్పష్టంగా నిలిచాయి. కుడికాలు ఉండాల్సిన చోట మాత్రం తెల్లటి పొగ.

రేపటి ఫొటో ఇవాళే తీసినట్టయింది.

"అది ఇచ్చెయ్యండి బాబాయ్, చింపేస్తాను."

పిన్ని ముఖం పక్కకు తిప్పుకుంది. ఆయన రెండూ ఒళ్లో పెట్టుకుని మార్చి మార్చి చూశాడు. చివరికి కుడిబూటు స్పష్టంగా ఉన్నదే నా చేతిలో పెట్టాడు.

"ఇది ఆ డాక్టరుకియ్యి. ఆయన తీసేది నిలబడ్డ కాలు" అన్నాడు. "ఆడే కాలు నా దగ్గరుంటుంది."