ఆడనే బుక్ చెయ్

ఆ ఆదివారం పొద్దున పార్సిప్పనీలో దామోదర్ ల్యాప్‌టాప్ ముందేసుకుని, ఘనా దేశపు తీరం పొడుగునా మనిషన్నవాడు ఈదడానికి బొత్తిగా పనికిరాని సముద్రం ఎక్కడుందా అని వెతుకుతున్నాడు.

బీచ్‌కి పోయేవాళ్లెవరైనా ఇసక బాగుందా, నీళ్లు నెమ్మదిగా ఉన్నాయా, నాలుగు చేపలు వేయించి పెట్టేవాళ్లున్నారా అని చూస్తారు. దామోదర్ వీటి జోలికే పోలేదు. "మోకాళ్ల లోతు దిగేసరికి కాళ్ల కింద ఇసక లాగేసింది, జన్మలో మళ్లీ దిగను" అని ఎవరో పుణ్యాత్ముడు రాసిన రివ్యూ కనబడగానే కళ్లకద్దుకుని, ఎక్సెల్ షీట్లో ఆ బీచ్‌కి పదికి పది వేశాడు.

ఈ ఘనా ప్రయాణం భార్య జయంతి వల్ల తగులుకుంది. ఆమె పనిచేసే హాస్పిటల్ ల్యాబ్‌లో అకోసువా అని ఘనా అమ్మాయి ఉంది. ఆదివారం పుట్టిన ఆడపిల్లకి వాళ్ల వైపు పెట్టే పేరట అది. డిసెంబరులో ఆక్రాలో ఆమె పెళ్లి. "మీరు రాకపోతే నేను తాళి కట్టించుకోను" అన్నంత పని చేసింది. జయంతి పొంగిపోయి ముగ్గురికీ టికెట్లు తీయించింది.

"పెళ్లి సంగతి నేను చూసుకుంటాను. తర్వాత మూడ్రోజులు ఏ బీచ్‌కి పోవాలో మీరు తేల్చండి. ఈ సంసారంలో ఒక్క పనైనా మీ చేతుల మీదుగా జరగనివ్వండి" అంది మొగుడితో. అంతర్వేది పక్క ఊళ్లో పుట్టిన మనిషి. సముద్రం ఆమెకి పెరటి గుమ్మం లాంటిది, ఏదైనా ఒకటే.

అసలు చిక్కంతా కూతురు స్మృతితో వచ్చింది.

స్మృతికిప్పుడు పదిహేనేళ్లు. స్కూల్ స్విమ్ టీమ్‌లో ఉంది, లైఫ్‌గార్డ్ సర్టిఫికెట్ కూడా తెచ్చుకుంది. ఐదేళ్లప్పుడు మాత్రం స్విమ్మింగ్ పూల్ గట్టు మీద మొండికేసి, ఆ ప్రాంతమంతా వినబడేలా ఏడ్చింది. అప్పుడు దామోదర్ పక్కన గొంతుక్కూర్చుని, "నీ అంతున్నప్పుడు నేను మా ఊరి మోటబావిల పై నుంచి దుంకిన తెలుసా? ఇట్ల దుంకి అట్ల తేలిన. నువ్వు నా బిడ్డవు కాదా?" అన్నాడు. పిల్ల ముక్కు తుడుచుకుని, నాన్న మొహంలోకి ఒక్కసారి చూసి, దబ్బున దూకేసింది.

దూకింది పిల్ల. మునిగింది దామోదర్. ఎందుకంటే ఆయనకి ఈత రాదు.

నల్లగొండ దగ్గర వాళ్లూళ్లో ఈడు పిల్లలంతా ఎండాకాలం నడుముకి సొరకాయ బుర్రలు కట్టుకుని మోటబావిలో దూకేవాళ్లు. ఒక్కగానొక్క కొడుకని తల్లి రాజేశ్వరమ్మ దామోదర్‌ని నీళ్లలోకి దిగనిచ్చేది కాదు. అందుకని గట్టు మీద కూర్చుని అందరి అంగీలూ లాగులూ కాపలా కాసేవాడు. ఎవరి అంగీకి ఏ గుండీ ఊడిందో ఇప్పటికీ చెప్పగలడు. ఊళ్లో ఆయనకి 'అంగీల దామోదర్' అని పేరు కూడా ఉండేది.

అబద్ధానికి కాళ్లుండవంటారు గానీ, ఆ అబద్ధం పదేళ్లపాటు చక్కగా ఈదింది. బావి లోతు ఏటికేడాది పెరుగుతూ వచ్చి, పోయినేడు కొలిస్తే నలభై అడుగులయింది. ఘనా అనగానే స్మృతి ఎగిరి గంతేసింది.

"నాన్నా, ఫైనల్లీ! మనం రేస్ చేద్దాం. ఓషన్‌లో. నువ్వు వెల్ ఛాంపియన్ కదా!"

"చేద్దాం బిడ్డా, ఎందుకు చెయ్యం" అన్నాడు దామోదర్. అన్నాక మంచినీళ్లు తాగాడు.

అందుకే ఈ షీటు. నీళ్లలో దిగొద్దని బోర్డు పెట్టిన సముద్రం దొరికితే, "అయ్యో, రూల్స్ బిడ్డా, నేనైతే దుంకేటోణ్ణే" అని పరువుతో ఒడ్డున కూర్చోవచ్చు. కూతురు తనని చూసే ఆ చూపు ఇంకొన్నేళ్లు నిలబడుతుంది. దానికోసం ఎన్ని గళ్లయినా నింపుతాడు.

చివరికి మూడు పేర్లు మిగిలాయి. బుసువా, ఆడా, కోక్రోబిటే.

"బుసువా ఏంటండీ, పాము బుస కొట్టినట్టు!" అంది జయంతి, కూర కలుపుతూ.

"అక్కడ నీళ్లు మంచిగ లెవ్వులే" అన్నాడు దామోదర్. నిజానికి అక్కడి నీళ్లు ఈతకి భేషుగ్గా ఉంటాయని నలుగురు రాశారు. వెంటనే ఎర్ర రంగు పూశాడు. ఆడా అనే ఊరు వోల్టా నది సముద్రంలో కలిసే చోట ఉంది. నది వైపు నీళ్లు తొట్టిలో నీళ్లలా నెమ్మదిగా ఉంటాయట. దానికి మరింత చిక్కటి ఎరుపు. కోక్రోబిటేలో మాత్రం అలలు పెద్దవి, లోపలికి లాగే గుణం ఉంది, జాగ్రత్త అని పదకొండు మంది మొత్తుకున్నారు. దానికి పచ్చ రంగు.

ఆ మూడు పేర్లూ టికెట్లు చూసే రామమోహన్‌కి పంపాడు. రామమోహన్‌ది భీమవరం. ఎడిసన్‌లో ఉంటూ తెలుగువాళ్ల ప్రయాణాలన్నీ చూస్తుంటాడు.

మంగళవారం దామోదర్ ఇండియన్ స్టోర్ ముందు, పార్కింగ్‌లో బియ్యం బస్తా డిక్కీలోకి ఎత్తుతుండగా ఫోన్ వచ్చింది. పక్కన ట్రక్కొకటి వెనక్కొస్తూ కీ కీమంటోంది.

"దామోదర్ గారూ, కోక్రోబిటేలో రూములున్నాయండి. ఆడాలో కూడా నది ఒడ్డున బ్రహ్మాండమైనది ఒకటుంది. ఏది చేసేయమంటారు?"

ట్రక్కు చప్పుడులో దామోదర్‌కి కోక్రోబిటే అన్న మొదటి ముక్క ఒక్కటే చెవిన పడింది.

"ఆడనే బుక్ చెయ్ అన్నా!"

"ఆడానేనా? ఖాయమేనాండి?"

"ఆడనే, ఆడనే! ఇంకేడికీ వద్దు!"

"అద్గదీ, మంచి సెలక్షనండి" అని రామమోహన్ మెచ్చుకుని ఫోన్ పెట్టేశాడు. దామోదర్ బియ్యం బస్తా పూలబుట్టలా ఎత్తి డిక్కీలో వేశాడు.

సాయంత్రం భోజనాల దగ్గర కన్ఫర్మేషన్ తెరిచింది స్మృతి.

"వావ్, రివర్ వ్యూ! కామ్ వాటర్, పర్ఫెక్ట్ ఫర్ స్విమ్మింగ్ అంట! నాన్నా, యూ ఆర్ ద బెస్ట్!"

దామోదర్ నోటిదాకా తెచ్చిన ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. "ఏది, ఏడ?"

"ఏడా," అంది స్మృతి ఇంగ్లీషు పేరు చదివినట్టు చదివి.

"అదే అడుగుతున్న, ఏడ?"

"అదే చెప్తున్నా నాన్నా, ఏడా!"

జయంతి ఫోన్ లాక్కుని చూసింది. "ఆడా అండీ. నదీ సముద్రం కలిసే చోటు, అచ్చం మా అంతర్వేదే! నోరు విప్పి చెప్పలేదు గానీ, నా మీద ఎంత ప్రేముందండీ మీకు!"

దామోదర్ చెయ్యి కడుక్కోకుండానే రామమోహన్‌కి స్పీకర్‌లో ఫోన్ కొట్టాడు.

"అన్నా, నేను ఆడ చెయ్యమంటే ఆడ చేసినవేందే?"

"ఆడాలోనే చేశానుగదండీ!"

"ఆడ అంటే ఆడ కాదన్నా! ఆడ అంటే... ఆడ! కోక్రోబిటే!"

"ఆడా అంటే కోక్రోబిటే ఎలాగవుద్దండీ? రెండూ రెండు ఊళ్లు. ముమ్మారు ఆడానే అని మరీ చెప్పారు. ఇప్పుడు క్యాన్సిలవదండి, పండగ సీజను."

జయంతి నవ్వి నవ్వి కుర్చీలోంచి జారబోయింది. "అక్కడ అని అనుంటే సరిపోయేది కదండీ! పద్దెనిమిదేళ్లనుంచి చెప్తున్నాను."

"పద్దెనిమిదేండ్ల నుంచి నీకు సమజైతుంది గద!"

స్మృతి మాత్రం నవ్వట్లేదు. బల్ల మీద తెరిచున్న ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని షీటు చూస్తోంది.

"నాన్నా, ఇది తప్పు. డేంజరస్ కరెంట్స్‌కి టెన్ ఇచ్చావు. 'సేఫ్ ఫర్ స్విమ్మింగ్'కి జీరో."

"కలర్లు తారుమారైనయి బిడ్డా."

"లేదు. త్రీ బీచెస్‌కీ అలాగే ఉంది." పిల్ల తలెత్తింది. కుడితిలో పడ్డ ఎలుకలా అయిపోయిన తండ్రి మొహం చూసింది. "నాన్నా... నీకు స్విమ్మింగ్ రాదా?"

తప్పించుకోవడానికి దామోదర్‌కి రెండు మూడు దార్లు కనబడ్డాయి. భుజం నొప్పి, డాక్టర్, వయసు. పిల్ల కళ్లు చూశాక ఒక్కటీ నోటికి రాలేదు.

"రాదు బిడ్డా" అన్నాడు. "నేను గట్టు మీద కూసుండి అంగీలు కావలి కాసేటోణ్ణి."

జయంతి నవ్వు టక్కున ఆగింది. ఆమెకీ తెలియదు.

"నేను జంప్ చేసింది నువ్వు జంప్ చేశావనే" అంది స్మృతి. పళ్లెం సింక్‌లో పెట్టి తన గదిలోకి పోయి తలుపు వేసుకుంది. విసురుగా వేసినా బాగుండేది. నెమ్మదిగా వేసింది.

మూడు రోజులు ఇంట్లో "పాలున్నాయా", "రైడ్ కావాలా" తప్ప మాట లేదు. దామోదర్ షీటు డిలీట్ చేశాడు. ఆఫీసులో ఎవరో ఘనా గురించి అడిగితే, అదెక్కడుందన్నట్టు మొహం పెట్టాడు.

శనివారం పొద్దున స్మృతి వచ్చి ఎదురుగా నిలబడింది. చేతిలో బ్యాగుంది. "కార్ తియ్యి. మమ్మీ, నువ్వు కూడా రా."

"ఏడికి బిడ్డా?"

"పూల్‌కి. డిసెంబర్‌కి ఇంకా టెన్ వీక్స్ ఉంది."

పూల్‌లో తక్కువ లోతు వైపు నాలుగేళ్ల పిల్లలు కప్పల్లా గెంతుతున్నారు. వాళ్ల మధ్య, యాభైకి దగ్గరపడ్డ దామోదర్ మెట్టు మీద కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. స్మృతి నీలం రంగు ఫోమ్ దిమ్మెలు గుచ్చిన బెల్టు తెచ్చి ఆయన నడుముకి బిగించింది. దామోదర్ దాన్ని తడిమి చూసుకున్నాడు. అచ్చం సొరకాయ బుర్రలే, రంగే తేడా.

"నువ్వు అబద్ధం చెప్పావ్" అంది స్మృతి, బకిల్ పెడుతూ.

"చెప్పిన."

"బట్ ఇట్ వాజ్ అ గుడ్ వన్. నాకు స్విమ్మింగ్ వచ్చింది." అని వెనక్కి వెనక్కి నడిచి, నాలుగు బారల దూరంలో ఆగి చేతులు చాపింది. "కమ్."

"ఆడి దాకనా?"

"ఆడి దాకనే" అంది పిల్ల, అమెరికా యాసలో, ఒక్క అక్షరం పొల్లుపోకుండా.

దామోదర్ వెనక్కి తిరిగి చూశాడు. గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో జయంతి కూర్చుంది. ఆయన అంగీ మడతపెట్టి ఒళ్లో పెట్టుకుంది.

"గుండీ ఊడింది చూసుకోలేదా?" అంది. "దూకండి, నేనున్నానుగా ఇక్కడ."

నలభై ఏళ్లకి ఆయన అంగీకి కాపలా దొరికింది. దామోదర్ ముక్కు మూసుకుని దబ్బున దూకాడు. మూడడుగుల నీళ్లే గానీ, అవతలి గట్టు దాకా పిల్లలందరి నెత్తినా చిందాయి.