అన్నయ్య గదిలో కాలవ గేటు

మా అన్నయ్యకి బుద్ధి లేదని నేను చిన్నప్పటినుంచీ చెబుతూనే ఉన్నాను. ఎవరూ చెవిన పెట్టలేదు. తీరా తను కాలవ గేటు చుట్టూ గది కట్టించాక అందరూ వచ్చి, "నువ్వు చెప్పింది నిజమేనమ్మా" అన్నారు. అప్పుడు ఒప్పుకుని ఏం లాభం?

అన్నయ్య ఇల్లు కాలవ గట్టును ఆనుకుని ఉంటుంది. నా తోట అదే కాలవకి దిగువన. మధ్యలో ఒక గేటు. దాని ఇనుప చక్రం ఒకవైపు తిప్పితే నీళ్లకి అడ్డంగా ఉన్న రేకు లేచి మా తోటలకి నీళ్లొస్తాయి, రెండోవైపు తిప్పితే ఆగిపోతాయి. గట్టు వెంబడి ఒక బండి పట్టేంత జాగా ఎవరూ ఏమీ కట్టకుండా వదిలెయ్యాలి. ఆ భూమి మనదే కావచ్చు, కానీ పూడిక తీసే మిషను రావాలన్నా, గేటు చూసే మనిషి నడవాలన్నా దారి ఉండాలి కదా! కాలవ పక్కన భూమి ఉన్న ప్రతివాళ్లకీ తెలిసిన సంగతే ఇది. అన్నయ్యకీ తెలుసు. తెలిసి కూడా, "ఊరికే పడుందిగా" అని అక్కడ గది లేపాడు.

పాపం తాపీమేస్త్రీ అడిగాడట.

"ఈ చక్రం అడ్డొస్తోందండీ. ఏం చెయ్యమంటారు?"

"దాని మానాన దాన్ని ఉండనీ. చుట్టూ కట్టు."

మేస్త్రీ చుట్టూ కట్టాడు. గదిలో కిటికీ ఉంది, ఫ్యాను ఉంది, మంచం ఉంది, నట్టనడుమ నడుమెత్తున గేటు చక్రం ఉంది. వదిన దానికి కర్టెన్లకి సరిపోయేలా నీలం రంగు వేయించింది. తడి తువ్వాళ్లు ఆరేసుకోవడానికి బాగుందని మెచ్చుకుంది కూడా. ఎవరైనా వచ్చి అదేమిటని అడిగితే, "మా ఆయనకి పాత సామాన్ల పిచ్చండీ" అనేది.

ఇంతకీ ఆ గది ఎవరికి అని అడిగితే అన్నయ్య నీళ్లు నమిలాడు. "ఎవరో ఒకరు... చుట్టాలు..." అన్నాడు. రంగు ఆరకముందే వదిన వాళ్ల నాన్నగారు పెట్టెతో దిగిపోయారు. ఓహో, చుట్టాలంటే ఆ వైపు వాళ్లేనన్నమాట అనుకున్నాను. నాకు ఒళ్లు మండిపోయింది.

పెద్దాయనకి కుడి భుజం పట్టేసింది. రోజూ చెయ్యి గుండ్రంగా తిప్పాలని డాక్టరు చెప్పాడట. గాల్లో తిప్పితే మనిషికి పిచ్చి పట్టిందనుకుంటారని ఆయన మొహమాటం. మంచం పక్కనే చక్రం ఉండగా ఇక ఆలోచించేదేముంది? పొద్దున్నే లేచి ఓపికున్నంతసేపు ఒకవైపు తిప్పేవారు. సాయంత్రం మళ్లీ రెండోవైపు. కాకపోతే సాయంత్రానికి ఆయనకి ఓపిక తగ్గిపోయేది. అందుకని పొద్దున లేచిన రేకు పూర్తిగా దిగేది కాదు. నా తోట చెరువయ్యేది. భుజం నొప్పిగా ఉన్న రోజున అసలు రేకే లేచేది కాదు, మా తోటలు బీటలు వారేవి. దిగువ రైతులు ఒకరికొకరు ఎదురుపడితే నీళ్లొచ్చాయా అని అడగడం మానేశారు. "పెద్దాయన భుజం ఎలా ఉందట?" అని అడిగేవారు.

మొదటిసారి పోసిన క్యాబేజీ నారు ఆయనకి ఓపికెక్కువైన వారం కుళ్లిపోయింది. మిగిలిన విత్తనమంతా రెండో మడిలో పోశాను. ఇది కూడా పోతే ఈ ఏడు నాకు పంట లేదు.

గేటు చూడటానికి ఒక మనిషి ఉన్నాడు. అందరం గేటాయన అంటాం. ఆయన వెళ్లి గేటుకి దారేదని అడిగితే అన్నయ్య ఎదురు కోప్పడ్డాడు.

"దారి లేదంటావేంటయ్యా! నీకోసం కాలింగ్ బెల్ పెట్టించాను చూడు."

గేటాయన బెల్లు కొట్టేవాడు. లోపలినుంచి వదిన, "ఇప్పుడే తడిగుడ్డ పెట్టానయ్యా, నేల ఆరనీ" అనేది. నేల ఆరేది. చెప్పులు విప్పి, కాళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లేసరికి పెద్దాయన నిద్రలో ఉండేవారు. లేపితే బాగుండదని గేటాయన కుర్చీలో కూర్చునేవాడు. ఫ్యాను గాలికి ఆయనకీ కునుకు పట్టేది. అయినా చక్రం ఒక్కటీ అందితే సరిపోతుందా? గేటు మూతి గది గోడ కింద ఉండిపోయింది. దానికి అడ్డం పడిన చెత్త లాగడానికి గట్టు మీద నిలబడే చోటే లేదు.

చివరికి జరగాల్సిందే జరిగింది. కాలవలో కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క మొక్కలన్నీ గేటు మూతికి బిరడాలా బిగుసుకున్నాయి. పెద్దాయన ఎంత తిప్పినా మాకు చుక్క రాలేదు. ఎండ చూస్తే పేలిపోతోంది. మధ్యాహ్నానికి నారు తలలు వాల్చేసింది. నేను గునపం భుజాన వేసుకుని అన్నయ్య ఇంటికి బయల్దేరాను.

అక్కడ పెద్ద తమాషా నడుస్తోంది. గేటాయన పిలిపించిన పూడిక తీసే మిషను గోడ దాకా వచ్చి హారన్ కొడుతోంది. అన్నయ్య గోడకి వీపు ఆనించి, రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. కాలవ ఎగదన్ని గదిలోకి నీళ్లొచ్చేశాయి. వదిన కర్టెన్లు పట్టుకుని మంచం ఎక్కింది. పెద్దాయన చీలమండ లోతు నీళ్లలో నిలబడి చక్రం తిప్పుతూనే ఉన్నారు. గేటాయన గుమ్మంలో ఆ నీళ్లలోనే చెప్పులు విప్పుతున్నాడు. అలవాటైపోయింది మరి.

"గోడ తీస్తేగానీ మిషను చెయ్యి గేటు మూతికి అందదమ్మా" అన్నాడు గేటాయన నన్ను చూసి.

"ఒరేయ్ అన్నయ్యా, తప్పుకో!" అన్నాను.

"తప్పుకోను. నా స్థలం, నా గోడ!"

"స్థలం నీదే, కాదన్నదెవరు? నీళ్లు నీవా? మీ మామగారు షోకుగా భుజం తిప్పుకోవడానికి నా నారు ఎండాలా?"

"ఆయనకోసం కట్టించానా? నీకోసం కట్టించానే!"

నా చేతిలో గునపం అలాగే ఆగిపోయింది.

"ఆ తోటలో రేకుల షెడ్డులో ఒక్కదానివే పడుకుంటావు. రమ్మంటే, తోట వదిలి ఎలా వస్తానంటావు. ఈ కిటికీలోంచైతే నీ తోట మొత్తం కనిపిస్తుంది. ఇంకెక్కడ కట్టినా కనపడదు. నీకు చెబుదామనుకునేలోగా ఈయన పెట్టెతో దిగారు. మామగారిని పొమ్మని ఎలా అంటానే?"

లోపల చక్రం తిరగడం ఆగిపోయింది. వదిన మంచం మీదే కూర్చుండిపోయింది. మిషను డ్రైవరు కూడా హారన్ మీదినుంచి చెయ్యి తీశాడు. నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా పోలేదు.

"నారంతా మాడిపోయాక నీ కిటికీలోంచి ఏం చూసుకోమంటావురా?" అన్నాను.

అన్నయ్య తల తిప్పి, ఆ కిటికీ చూస్తున్న వైపుకే చూశాడు. అక్కడినుంచి నా మడి నిజంగానే కనిపిస్తోంది. ఆకుపచ్చగా లేదు. నా చేతిలో గునపం తీసుకుని, మొదటి దెబ్బ ఆ కిటికీ మీదే వేశాడు.

గోడ కూలడానికి ఎంతోసేపు పట్టలేదు. సిమెంటులో కూడా పిసినారితనం చేసినట్టున్నాడు. మిషను చెయ్యి చాపి గుర్రపుడెక్కని గంపలకొద్దీ లాగి పడేసింది. నీళ్లు ఒక్కసారిగా దిగువకి దూకాయి. నేను వాటితో పోటీపడి తోటకి పరుగెత్తాను. అంచుల్లో కొంత నారు పోయింది. మిగిలింది పొద్దు వాలేసరికి మెల్లగా తలెత్తింది.

చీకటి పడుతుండగా అన్నయ్య వచ్చాడు. ఒళ్లంతా సున్నం, జుట్టులో గుర్రపుడెక్క. షెడ్డు ముందు బోర్లించిన బకెట్ మీద కూలబడ్డాడు.

"రోడ్డు వైపు ఇంకో గది వేస్తాలే. కానీ అక్కడినుంచి తోట కనపడదే" అన్నాడు.

"తోటని పగలంతా చూస్తూనే ఉంటాను. మీరెవరూ కనపడకే కదా ఇక్కడ నాకు నిద్ర పట్టనిది!"

ఆ మాట అన్నందుకు నాకే సిగ్గేసింది.  అన్నయ్య లేచి షెడ్డులోకి వెళ్లి, నా దుప్పటి మడతపెట్టి చంకలో పెట్టుకుని ముందు నడిచాడు. ఆ రాత్రి వాళ్ల హాల్లో చాప వేసుకుని పడుకున్నాను.