ఇంట్లోనే ఉంటది

"కలేజీల జర మిరియాలెక్కువెయ్. ఆపా రక్తమిచ్చొచ్చింది" అన్నాడు మా ఆయన పీరా.

ఆ ఆపా, డోర్నకల్‌లో ఉండే మా ఆడబిడ్డ ఖాజాబీ, మోచేతి మడతలో దూదిముక్క నొక్కి పట్టుకుని మంచం మీద కూర్చుంది. ఇచ్చింది రెండు చిన్న సీసాలు. పొద్దుటి నుంచి ఆ దూది తీయలేదు. నేను పొయ్యి మీది మేక కార్జం కలుపుతూ ఆ దూదినే చూస్తున్నాను. కుళ్ళు. దాచుకోవడమెందుకు, కుళ్ళే.

ఆయనకు మూత్రసంచిలో క్యాన్సర్. గీకి తీశారు, పది నెలలకే మళ్ళీ వచ్చింది. ఆ పది నెలలూ మూత్రం పైపు కడిగింది నేను, పరుపు ఎండేసింది నేను, కసురుకుంటే పడింది నేను. తెలంగాణ సమ్మెకు బస్సుల్లేక రోగులు పట్నం పోలేరని, పరిశోధన చేసే డాక్టరమ్మ హర్షిణే ఈ పొద్దున మానుకోట దవాఖానకొచ్చింది, రెండు రోజులుంటుందట. ఒంట్లో రోజూ ఏదో ఒకటి చెడిపోతూ ఉంటుందట, దాన్ని బాగుచేసే జన్యువులుంటాయట, కొందరికి అవి పుట్టుకతోనే సరిగా పనిచేయవట. ఈ జబ్బు అలాంటివాళ్ళకే ఎక్కువ వస్తుందా, తీసేసినా తిరగబెడుతుందా అని చూస్తున్నారట. "రక్తసంబంధీకులది కావాలి" అంది. నేనప్పటికే చెయ్యి చాపాను. "మీరు కాదమ్మా" అంది. ఆయన నవ్వాడు. "ఖూన్ మాది. గామెకేం సంబంధం?"

తర్వాత కాగితం మీద రాసుకుంటూ, ఏం పని చేస్తారని అడిగింది.

"రంగుల పని. తాతల కాన్నుంచి."

"ఇంట్లో ఇంకెవరైనా చేస్తారా?"

"ఎవ్వరు జెయ్యరు. గామె ఇంట్లోనే ఉంటది."

మోచేతుల దాకా గులాబీ రంగున్న చేతులను బురఖాలోకి లాక్కున్నాను. ఉద్యమం ఊపందుకున్నాక మీటింగు మీటింగుకూ వందల కండువాలకు రంగెయ్యాలి. బేరం మాట్లాడి తెచ్చేది ఆయన. పొడి కలిపేది, గంగాళంలో ఉడికించేది, రంగు పట్టిందో లేదో అంచు నోట్లో పెట్టి చూసేది నేను. ఇరవై ఆరేళ్ళుగా. అత్త నేర్పిన పద్ధతి. ఆమె ఇంకో మాట కూడా చెప్పింది: "ఉచ్చ ఎర్రగొస్తే పరేషాన్ గాకు. రంగోళ్లకు గట్లనే వస్తది." ఆ మాట నమ్మబట్టే ఆయన ఎర్రగొస్తున్నా ఏడాది ఊరుకున్నాడు. చెప్పిన అత్త ఏ జబ్బుతో పోయిందో ఎవరూ చూడలేదు.

నాకూ పదకొండు రోజులుగా వస్తోంది. రంగే అనుకున్నాను. ఆయన జబ్బు ముందు నాదీ ఒక జబ్బేనా అని కూడా అనుకున్నాను.

కలేజీ అంతా ఆపా పళ్ళెంలో వడ్డించి, గిన్నెకంటిన మసాలాలో రొట్టె అద్దుకుంటుంటే ఏడుపొచ్చింది. ఆపాను ఎవరో కుర్చీలో కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని, నొప్పయిందా అని అడిగారు. ఈ ఇంటికొచ్చాక నన్నెవరూ ఆ మాట అడగలేదు.

మర్నాడు పొద్దున్నే బురఖా తొడుక్కున్నాను. "యాడికి? కండువాలు మాపటికి గావాలె" అన్నాడు.

"దవాఖానకు. కండువాలు నువ్వు జెయ్యి" అన్నాను.

డాక్టరమ్మ తలెత్తి చూసింది. "మీ రక్తం అక్కర్లేదన్నాను కదమ్మా?"

చేతులు బురఖాలోంచి తీసి బల్ల మీద పెట్టాను. "మా ఆయన కోసం రాలే బిడ్డా. నిన్నటి కాయితం తియ్యి. ఇంట్లోనే ఉంటది అని రాసినవ్ గదా, గది కొట్టెయ్. అజ్మత్ బీ, ఇరవై ఆరేండ్ల సంది రంగుల పని అని రాయి. ఇగ ఒక సీసా ఇయ్యి. పదకొండు దినాల సంది ఉచ్చల నెత్తురొస్తుంది నాకు."