బాబాయ్‌కి తెలియకూడని చిరునామా

ఆ పోలీస్ స్టేషన్‌లో అందరూ బాబాయ్ అని పిలిచే హెడ్ కానిస్టేబుల్‌ది వెన్నలాంటి మనసు. నోట్లో మాత్రం నువ్వుగింజ నానదు. రికార్డుల గదిలో కంప్యూటర్ ముందు కూర్చునే గుమస్తాకి పని నేర్పింది ఆయనే. ఫైలు ఎలా కుట్టాలో, మండిపడుతూ వచ్చినవాడికి ముందు మంచినీళ్ళు ఎందుకివ్వాలో ఓపిగ్గా చెప్పాడు. కన్నతండ్రి దగ్గర ఎంత చనువో ఆయన దగ్గరా ఆమెకు అంతే చనువు.

అలాంటి బాబాయ్ ఓ మధ్యాహ్నం కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"చిట్టితల్లీ, మొగుడు కొడుతున్నాడని మొన్న ఫిర్యాదిచ్చిన పిల్ల ఉంది చూడు, వాళ్ళ మామ నా చిన్ననాటి స్నేహితుడు. మనవడి మీద బెంగతో మంచం పట్టాడు. ఆ పిల్ల ఇప్పుడెక్కడుంటోందో కాస్త చూసి చెప్పు. నేనెళ్ళి నాలుగు మంచి మాటలు చెప్పి కలిపేస్తా."

ఆమె కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. ఆ చిరునామా చూసే అధికారం కేసు చూస్తున్న ఎస్సైకీ, దాన్ని ఎక్కించిన తనకీ తప్ప ఎవరికీ లేదు. అది బయటికి పొక్కితే ఆ పిల్ల ప్రాణానికే ముప్పు.

"చెప్పను బాబాయ్."

"నన్నే నమ్మవా?"

"మిమ్మల్ని కళ్ళు మూసుకుని నమ్ముతా. మీరు నమ్మేవాళ్ళనే నమ్మలేను."

బాబాయ్ ముఖం మాడ్చుకుని లేచిపోయాడు. ఇక చూడాలి ఆ అలక! చంటిపిల్లలు నయం, బుజ్జగిస్తే వింటారు. సాయంత్రం "వెళ్ళొస్తా బాబాయ్" అంటే రిజిస్టర్‌లోంచి తలెత్తేవాడు కాదు. నాలుగు రోజులు ఆమెకు అన్నం సహించలేదు. చెప్పేస్తే పోలా, ఆయనేమన్నా పరాయివాడా అని రెండుసార్లు అనిపించింది కూడా. చిరునామా ఎవరు చూశారో, ఎప్పుడు చూశారో కంప్యూటర్ రాసిపెట్టుకుంటుంది, అంతే. చూసినవాళ్ళ నోరు అది మూయలేదు. మూసుకోవాల్సింది తనే.

ఐదోరోజు ఆ పిల్లే ఏవో కాగితాల మీద సంతకాలు చేయడానికి వచ్చింది, ఒక చేతికి కట్టు, రెండో చంకలో బిడ్డ. బాబాయ్‌ని చూడగానే కొయ్యబారిపోయి, గబగబా గుమస్తా వెనక్కి చేరింది.

"అక్కా, ఈయన మా మామయ్య స్నేహితుడు. నేనుండే చోటు ఈయనకి తెలుసా?"

"తెలీదమ్మా. నేను చెప్పలేదు."

గుసగుసే అయినా బాబాయ్ చెవిన పడింది. పుట్టినప్పుడు తాను ఎత్తుకుని ఆడించిన బిడ్డ తల్లి మెడలో ముఖం దాచుకుంటున్నాడు. ఆయన ఆ కట్టు వంకే కాసేపు చూశాడు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. తర్వాత తల వంచుకుని, పాత ఫైళ్ళుండే పక్కగదిలోకి వెళ్ళాడు.

"బయట గొళ్ళెం పెట్టు చిట్టితల్లీ."

"ఎందుకు బాబాయ్?"

"నీ గది కిటికీలోంచి బస్‌స్టాప్ కనిపిస్తుంది, ఇందులో కిటికీ లేదు. ఏ బస్సెక్కిందో చూశానంటే, రేపు నా స్నేహితుడు ఏడుస్తూ అడిగితే కక్కేస్తా. నా సంగతి నాకు తెలుసుగా. ఆ పిల్ల వెళ్ళాకే తియ్యి."

ఆమె గొళ్ళెం పెట్టింది. సంతకాలన్నీ అయ్యి ఆ పిల్ల బస్సెక్కేసరికి ముప్పావుగంట పట్టింది. ఆ గదిలో ఫ్యాను కూడా లేదు. బాబాయ్ ఒక్కసారి కూడా తలుపు తట్టలేదు.