రెండాకుల ముద్ర

"అబద్ధం. ఇది ఆ మెట్ల కింద దొరకడానికి వీల్లేదు" అని మేస్త్రి మొహం మీదే అనేశాను.

అతన్ని అందరూ గొణుగుడు మేస్త్రి అంటారు. చెప్పే మాటల్లో సగం మీసాల్లోనే ఉండిపోతాయి. ఆ రోజు మాత్రం నా కేకకు బెదిరాడు కాబోలు, ప్రతి మాటా విడమరిచి చెప్పాడు.

"నా చేతుల్తో తీశానక్కా. లైబ్రరీ పాత చెక్క మెట్లు పీకేసి కొత్తవి పెట్టమన్నారు. మెట్ల కింద అంతా పలకలు కొట్టి పెట్టెలా మూసేసి ఉంది. ఒక్క మేకు కదిలి లేదు. పలకలు ఊడదీస్తే లోపల ఇది. పని చేసినవాడెవడో లోపల పెట్టి, మర్చిపోయి మూసేసినట్టున్నాడు."

"ఆ లైబ్రరీ ఎప్పుడు కట్టారో తెలుసా నీకు?"

"గుమ్మం మీద రాతిలో చెక్కి ఉందిగా. మెట్లూ అప్పటివే. ఆ తర్వాత అక్కడ సుత్తి పడింది మళ్లీ ఇప్పుడే."

 మావాళ్లు ఒకప్పుడు ఉన్న ఊరి లైబ్రరీ అది. ఆ రాతి మీద సంవత్సరం నాకు కంఠతా వచ్చు. అది గడిచిన రెండేళ్లకు గాని నేను భూమ్మీద పడలేదు.

నా పనేమిటో చెప్తే గాని నా గుండె ఎందుకు జారిందో మీకు తెలియదు. వడ్రంగులు చెక్క నునుపు చేసే పాత చిత్రికలు ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో ముద్ర చూసి చెప్పడం నా పని. దుకాణం నిండా అవే. బారెడువి, బెత్తెడువి, అడుగు అరిగిపోయినవి, చెద కొట్టినవి. వచ్చేవాళ్లలో సగం మంది చిత్రిక పక్కల మీద కొట్టిన పేరు చూపించి, చేసినవాడి పేరు దొరికిందని మురిసిపోతారు. అది చేసినవాడిది కాదు నాయనా, కొనుక్కున్నవాడిది. తోటి పనివాడు ఎక్కడ ఎత్తుకుపోతాడోనని బెంగపడి, ఖాళీ కనబడ్డ చోటల్లా తన పేరు కొట్టుకుంటాడు. చేసినవాడికి ఆ బెంగ లేదు. చిత్రిక నొసటి మీద, అంటే ముందు కొస మీద, ఒక్కసారి ముద్ర కొట్టి ఊరుకుంటాడు. ఈ ముక్క చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది.

మా నాన్న చిత్రికలు చేసేవాడు. ఆయన ముద్ర ఒక కోలగుండ్రటి గుంట, అందులో ఒక కాడ. పెళ్లికి ముందు చేసినవాటి మీద ఉత్త కాడే ఉంటుంది. అన్నయ్య పుట్టినప్పుడు ఆ ఉక్కు అచ్చులో ఒక ఆకు తవ్వాడు. అచ్చులో తవ్విన చోటు చెక్క మీద కొట్టినప్పుడు ఉబ్బెత్తుగా లేస్తుంది. ఆ తర్వాత రెండో ఆకు తవ్వాడు. ఆ రెండో ఆకు నేను.

అలా అని నాకు అమ్మే చెప్పింది. నేను లోకానికంతా చాటాను. ఉత్త కాడ ఉంటే పెళ్లికి ముందుది, ఒక ఆకుంటే అన్నయ్య పుట్టాకది, రెండాకులుంటే నేను పుట్టాకది. పాత పనిముట్ల ప్రదర్శనల్లో రెండాకుల చిత్రిక పట్టుకుని, ఇదిగో ఈ ఆకు నేనే అని వేలితో చూపిస్తూ ఫొటోలు దిగాను. ఎవరికైనా తండ్రి ఇల్లో పొలమో ఇస్తాడు, మా నాన్న నన్ను ఉక్కులో చెక్కి పోయాడని గొప్పలు పోయాను. నిజం చెప్పాలంటే నా జీవితంలో నేను గొప్పగా చెప్పుకున్నది అదొక్కటే.

ఇప్పుడు నేను పుట్టకముందు మూతపడిన మెట్ల కింద నుంచి వచ్చిన చిత్రిక నా బల్ల మీద ఉంది. దాని నోట్లో ఆఖరిసారి గీసిన పొట్టు ఇంకా చుట్టుకునే ఉంది. దాని నొసటి మీద రెండాకులున్నాయి.

నకిలీ అయ్యుంటుందని భూతద్దం తీశాను. నకిలీ కావాలని దేవుళ్లందరికీ మొక్కాను కూడా. మొదటి ఆకు తవ్వుతున్నప్పుడు ఉక్కును చెక్కే పోగర నాన్న చేతిలో జారి, ఆకు కొస పక్కన వెంట్రుకవాసి గీత పడింది. ఎంత గొప్ప దొంగకైనా కంటికి ఆనని గీత అది. అర మీద నుంచి నా రెండాకుల చిత్రిక తీసి పక్కన పెట్టాను. అదే గీత, అదే చోట, అదే వంపు. అచ్చు నాన్నదే.

బల్ల అంచు పట్టుకున్నాను. రెండో ఆకు నేను పుట్టకముందే ఉంది. మరి మూడో ఆకు? మూడాకుల చిత్రిక నేను జన్మలో చూడలేదు. ఎవరూ చూడలేదు. అంటే ఆయన తన పిల్లల్ని లెక్కపెట్టుకున్నప్పుడు అందులో నేను లేను.

"అక్కా, మంచినీళ్లు తాగుతావా?" అన్నాడు మేస్త్రి.

నా దుకాణంలో నాకే మంచినీళ్లిచ్చి, కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. ఎంత విలువ చేస్తుందని అడగడానికి వచ్చినవాడు ఆ ఊసే ఎత్తలేదు. "ఉండనీ అక్కా, రేపొస్తా" అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

చిత్రికను గుడ్డలో చుట్టుకుని ఇంటికి నడిచాను. దారిలో ఎవరు పలకరించారో, నేనేం జవాబు చెప్పానో గుర్తులేదు. ఒకటే ప్రశ్న బుర్రలో సుడి తిరుగుతోంది. అది అడిగితే అమ్మ ఏమంటుందోనని భయం, అడక్కపోతే ఛస్తానని భయం.

అమ్మ వెనక కిటికీ దగ్గర పీట మీద కూర్చుని వెల్లుల్లి వలుస్తోంది. కళ్లు మసకబారాక అన్నీ వేళ్లతోనే చూస్తుంది. మాటా పలుకూ లేకుండా చిత్రిక తీసి ఒళ్లో పెట్టాను. అడుగు నిమిరింది, పక్కలు తడిమింది, నొసటి మీదికి వచ్చింది. రెండో ఆకు మీద ఆమె వేలు ఆగిపోయింది.

"ఎక్కడిదే ఇది?"

"లైబ్రరీ మెట్ల కింద దొరికింది. అవి కట్టినప్పుడు లోపల పడిపోయిందట."

అమ్మ చిత్రికను పొట్టకేసి అదుముకుంది. 

"అమ్మా, ఒక్కటే అడుగుతా. నేను మీ పిల్లనేనా? ఎక్కణ్నుంచైనా తెచ్చి పెంచుకున్నారా?"

ఆ వెల్లుల్లి చేత్తోనే చెంప మీద ఒక్కటిచ్చింది. ఈ వయసులో నన్ను కొడుతుందని కలలో కూడా అనుకోలేదు.

"నోర్ముయ్! నిన్ను కనడానికి నేను పడ్డ పాట్లు పగవాళ్లకు కూడా వద్దు. తెచ్చుకున్నామట, తెచ్చుకున్నాం!" అని, వెంటనే గొంతు దిగిపోయి, "నీకు ముందు ఇంకొకతె ఉండేది" అంది.

నాకు వినబడింది గాని తలకెక్కలేదు. "ఇంకొకతె అంటే?"

"ఇంకో ఆడపిల్ల. ఏడాది నిండలేదు. జ్వరమొచ్చింది. ఉత్త జ్వరమే అన్నారు. పోయింది."

నేను చతికిలబడ్డాను. నాకు అక్క ఉంది. యాభై ఏళ్లు దాటాక, వెల్లుల్లి పొట్టు మధ్యలో కూర్చుని, నాకు అక్క ఉండేదని తెలుసుకున్నాను. 

"అన్నయ్యకు తెలుసా?"

"వాడికప్పటికి ముక్కు తుడుచుకోవడం కూడా రాదు. ఆ ఊళ్లో ఉండలేక ఇక్కడికి వచ్చేశాం. దాని ఊసు ఎవరూ ఎత్తొద్దని మీ నాన్న దగ్గర ఒట్టు వేయించుకున్నా. ఆయన మాట తప్పే మనిషి కాదుగా."

"మరి నేను పుట్టినప్పుడు మూడో ఆకు ఎందుకు తవ్వలేదు?"

అమ్మ వేలు ఆ ఆకును వదల్లేదు.

"తవ్వబోయాడు. నువ్వు పుట్టిన వారంలోనే అచ్చు బిగించుకుని కూర్చున్నాడు. నేనే వెళ్లి చెయ్యి పట్టుకున్నా. మూడాకులు కనిపిస్తే వచ్చిన ప్రతివాడూ మూడో పిల్ల ఏదమ్మా అంటాడు. ప్రతివాడికీ పోయిందని చెప్పాలి. నా వల్ల కాదే. ఆకులు రెండున్నాయి, పిల్లలిద్దరున్నారు, సరిపోయిందిగా, ఆ ఆకే దీనికిచ్చెయ్యమన్నా."

"నాన్నేమన్నాడు?"

"ఆ ఆకు దానిది, దీనికెలా ఇస్తానన్నాడు. నేను తల బాదుకుని ఏడ్చా. సరే నీ ఇష్టం అన్నాడు. అచ్చు గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు. మళ్లీ దించలేదు."

"దించకపోవడమేంటి? చిత్రికలు ఎలా చేశాడు మరి?"

"చేయలేదు."

 నాన్న నా పసితనంలోనే చిత్రికలు మానేసి కిటికీలు, తలుపులు చేసుకున్నాడన్నది నాకు తెలుసు. ఎందుకు మానేశాడో కూడా తెలుసనుకున్నాను. ఫ్యాక్టరీల నుంచి ఇనుప చిత్రికలు వచ్చిపడ్డాయని, చెక్కవి అడిగే నాథుడు లేకపోయాడని ఎన్ని వేదికలెక్కి చెప్పానో లెక్కలేదు. జనం తలలూపారు. చప్పట్లు కూడా కొట్టారు.

"ఇనుపవి వచ్చి ఆయన పని పోయిందిగా అమ్మా?"

"వచ్చాయిలే. అయినా మీ నాన్న చేతిది కావాలని గుమ్మం దగ్గర పడిగాపులు కాసేవాళ్లు. బతిమాలేవాళ్లు. ఇంట్లో గింజలు నిండుకున్న రోజులున్నాయే! పోనీ ముద్ర లేకుండా చేసివ్వమన్నా. అది దొంగ సరుకన్నాడు. ఉన్న ముద్రే కొట్టవయ్యా, ఎవరికి తెలుస్తుందన్నా. నువ్వప్పుడు ఆయన భుజం మీద నిద్రపోతున్నావు. 'పిల్లని ఇక్కడ భుజం మీద పెట్టుకుని, అక్కడ ఇది లేదని ముద్ర కొట్టమంటావా' అన్నాడు. మళ్లీ నేను అడగలేదు."

నేను నాన్న బల్ల కింద ఆడుకుంటూ పెరిగినదాన్ని. ఆయన కిటికీ రెక్కలు గీయడం చూశాను, తలుపులకు బందులు వేయడం చూశాను. చిత్రిక చేస్తుండగా ఒక్కసారి కూడా చూడలేదు. చూడలేదన్న సంగతి ఇంతవరకూ నా బుర్రకు తట్టనే లేదు. ముద్రలు చదవడంలో నన్ను మించినవాళ్లు లేరని పేరు!

"కోపమా నా మీద?" అంది అమ్మ.

కోపమే వచ్చింది. ఆయన చేతుల్లోంచి పనిముట్టు లాక్కుంది నువ్వేనని అరవాలనిపించింది. కానీ ఆమె వేలు ఇంకా ఆ రెండో ఆకు మీదే ఉంది, పసిపిల్ల బుగ్గ నిమిరినట్టు నిమురుతోంది. ఇన్నేళ్లూ నేను ప్రతివాడి ముందూ నాది నాదని చూపించుకుంటుంటే ఆమె ఎలా విని ఊరుకుందో నాకు తెలియదు. 

దుకాణంలో అర నిండా ఉన్న రెండాకుల చిత్రికలు మా అక్కవి. నాన్న చేయకుండా వదిలేసినవన్నీ నావి.